కొత్తకి ముందు కోసిన పండు

ఆ ఏడాది మా ఊళ్లో మామిడి కొత్త పండగ కాకముందే మామిడిపండు కోసి ఒక మనిషి చేతిలో పెట్టింది నేనే.

మా కొండల్లో ఏ పంటైనా ముందు జాకర దేవతకి, పోయిన పెద్దలకి పెట్టాకే మా నోట్లోకి వెళ్లాలి. దాన్నే కొత్త అంటాం. కొర్రకి కొత్త ఉంది, చిక్కుడుకి ఉంది, మామిడికీ ఉంది. ఊరికి మంచిరోజు చూసి చెప్పే పెద్దాయన్ని దిసరి అంటాం. ఆయన రోజు చెప్పేదాకా పండు చెట్టు కింద రాలి, ఈగలు ముసిరి, ఆ వాసన వాకిట్లోకొచ్చి మనిషి ప్రాణం తీస్తున్నా సరే, ఎవరూ ముట్టరు. నేను పదో తరగతి చదివాను. మా ఆయన జీపు తోలుతూ అరకు దాకా తిరుగుతాడు. ఇంట్లో టీవీ ఉంది, తలకో ఫోను ఉంది. అయినా ముట్టం. అదంతే.

నేను పండు పెట్టిన మనిషి మా తోడికోడలు బుద్రి అక్క. మా ఆయన అన్న సోంబరు బావ భార్య. మాకిద్దరికీ పడదని ఊరందరికీ తెలుసు. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ, ముందు ఒకటే వాకిలి, ఆ వాకిలి చివర ఊటనీళ్ల కుళాయి ఒకటి. ఇన్ని కలిసి ఉంటే ఇంక మనసులు కలవడానికి చోటెక్కడిది? అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా అత్త నన్నెప్పుడూ కొట్టలేదు గానీ అక్క మాత్రం నవ్వింది. కాపురానికొచ్చిన వారంలో నేను కాచిన చోడి అంబలి, అదే రాగి అంబలి, ఉండలు కడితే, వాటిని వేలితో నొక్కి చూపించి మరీ నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. నాకు మరిచిపోయే గుణం తక్కువ.

శివరాత్రి వెళ్లింది. కాఫీ పనులైపోయి చింతపండు కొట్టే రోజులు. అక్కకి అప్పటికి చాన్నాళ్లుగా కడుపునొప్పి, తిన్నది ఇమడ్డం లేదు. "చింతపండు కొట్టే పనొచ్చేసరికి కడుపునొప్పి కూడా వచ్చీసింది" అని కుళాయి దగ్గర నలుగురి ముందూ అన్నాను నేను. అందరూ నవ్వారు. మర్నాడే మా ఆయన సురేంద్ర, బావ కలిసి ఆమెని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం నేను వాకిట్లో చోళ్లు ఎండబెడుతున్నాను. అక్క జీపు దిగి, నా వైపు చూడకుండా నేరుగా కోళ్ల గూటి దగ్గరికి నడిచింది.

"నా పెట్టకి నూకలేసినావా, మాడబెట్టినావా?"

"నీ కోళ్లకి కూడేయడానికి నానేటి నీ కూలిదాన్నా?" అన్నాను. నిజానికి వేశాను. వేశానని చెప్పడం నామోషీ.

ఆమె నవ్వుకుంటూ గూటి ముందు కూర్చుంది. జీపు వెనక నుంచి మా ఆయన నన్ను చేత్తో పిలిచాడు. పెరట్లోకి వెళ్తే బావ బట్టలుతికే బండ మీద కూర్చుని ఉన్నాడు, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని.

"లివరు పాడైపోనాదట" అన్నాడు మా ఆయన నేల చూస్తూ. "ముదిరిపోనాదట. కోసినా లాభం లేదన్నారు. మాత్రలిచ్చి ఇంటికి తీసుకుపొమ్మన్నారు."

"ఎన్నాళ్లట?"

"వానలు సూడ్డం కష్టమన్నాడు డాక్టరు."

బావ తువ్వాలు తీశాడు. ఆయన నాతో ఎప్పుడూ నాలుగు మాటలకి మించి మాట్లాడి ఎరగడు. ఆ రోజు రెండు చేతులూ జోడించాడు.

"దానికి తెల్దు నిర్మలా. గేసు అని సెప్పినాను. నీకు దండమెడతాను, నీ నోట్నుంచి ఆ మాట రానీకు. దాని అయ్య ఇలాగే పోనాడు. రోగం సంగతి తెలిసిన్నాటి నుంచి కూడు ముట్టలేదు. రోగం కాదు, బయమే సంపీసింది. ఇదీ ఆ అయ్య కూతురే."

"నానెందుకు సెప్తాను బావా? సెప్పను" అన్నాను.

అవతల వాకిట్లో ఆమె కోళ్లని పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది. చింతపండు గురించి నేనన్న మాట గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే లేచి వేన్నీళ్లు కాచాను. మాకు ఎండాకాలం కూడా పొద్దున నీళ్లు ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోతాయి. బిందె తీసుకెళ్లి ఆమె స్నానాల తడిక దగ్గర పెట్టాను. అక్క పళ్లు తోముకుంటూ నావైపు, బిందెవైపు మార్చి మార్చి చూసింది.

"ఎవులికి?"

"నీకే. పోసుకో."

ఆ రోజు కుళాయి దగ్గర ఆమె బిందె ముందు పెట్టుకోనిచ్చాను. ఆ మర్నాడు ఆమె పెట్ట తన పిల్లల్ని వెంటేసుకుని నా చోళ్లలో పడితే, అరవకుండా మెల్లగా అదిలించాను. సంత నుంచి ఆమెకిష్టమని ఎండురొయ్యలు తెచ్చి ఇచ్చాను. ఇలా వారం కూడా కాలేదు, ఒక మధ్యాహ్నం ఆమె కొంగులో ఏదో దాచుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఒలే నిర్మలా, నిజం సెప్పు. ఒంట్లో ఏటైనా బాగోలేదా నీకు?"

"నాకా? నాకేటి?"

"మరెందుకే ఇలాగ మంచిగైపోనావు? తిట్టట్లేదు, ఏటీ లేదు. సురేంద్ర ఏటైనా అన్నాడా? డాక్టరు దగ్గరికెల్లావేటి?" కొంగు విప్పి నాటుకోడి గుడ్లు నా చేతిలో పెట్టింది. "నీరసంగున్నట్టున్నావు. ఉడకేసుకుని తిను."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆమె వెళ్లాక పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఆ గుడ్లు ఉడకేశాను గానీ ముద్ద దిగలేదు. మా అమ్మాయి భాను ఇంటరు మొదటి ఏడాది పరీక్షలు రాసి హాస్టలు నుంచి వచ్చి ఉంది. అదే తినేసింది.

ఈ గుడ్ల సంగతి బావ దాకా వెళ్లినట్టుంది. సాయంత్రం కట్టెలు కొడుతూ నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"నువ్వు ఇలాగ సేత్తే దానికి తెలిసిపోద్ది. ఎప్పట్లాగే ఉండమ్మా. తిట్టు."

జబ్బు మనిషిని తిట్టమని ఆమె మొగుడే నన్ను బతిమాలుకోవడం! సరేనన్నాను. మర్నాడు కోళ్లు చోళ్లలో పడగానే గుమ్మంలోకొచ్చి గొంతెత్తాను. "నీ కోళ్ల దుంప తెగ! మేపలేనిదానివి ఎందుకు పెంచుతున్నావు? ఈ చోళ్లన్నీ నువ్వు తెచ్చి పోస్తావా?" మొదటి మాట బాగానే వచ్చింది. చివరికొచ్చేసరికి గొంతు వణికింది. అది కోపమనుకుంది కాబోలు, అక్క తన గుమ్మంలోంచి చేతులు తిప్పుతూ రెట్టింపు కేకలేసింది. "నీ చోళ్లు తిని నా కోళ్లకే రోగాలొత్తన్నాయి!" అంది. అని, లోపలికి పోతూ "హమ్మయ్య, దీనికి బాగైపోనాది" అని గొణుక్కోవడం విన్నాను.

వేన్నీళ్లు ఆపేశాను. తిట్లు మొదలుపెట్టాను. ప్రేమగా ఉండటం ఎలాగూ నాకు చేతకాదనుకున్నాను, తిట్టడం కూడా చేతకాకుండా పోయింది.

మార్చి నెలాఖరుకి అక్క చిక్కిపోయింది. పొలానికి వెళ్లడం మానేసి వెనక పంచలో మంచం మీద ఉండేది. ఇద్దరం ఆ పంచలోనే కూర్చుని చింతపండు గింజ తీసేవాళ్లం. ఆమె కొట్టిన గింజలు తక్కువ, ఆగిన సమయం ఎక్కువ.

"నోరంతా సేదు" అంది ఒకరోజు. "ఏటి తిన్నా సేదే. ఒక మామిడిపండు తింతే పోద్దేమో. రెండు మూడు రోజుల్నుంచి అదే మనసులోకొత్తంది."

"కొత్త అయ్యాక తిందువుగాని."

"అదెప్పుడో. ఈయేడు పూతప్పుడు వాన కొట్టీసింది కదా, మన సెట్లింకా పిందెల మీదే ఉన్నాయి. దిసరి ఇంకా రోజే సెప్పలేదు."

వానలు చూడటం కష్టమన్నాడు డాక్టరు. ఈ మనిషిని చూస్తే పండగ చూడటమే కష్టంలా ఉంది. ఆ రాత్రంతా నాకు అదే లెక్క. నేను ఆమెకి ఇన్నేళ్లలో ఇచ్చిందేమిటి అని వెతుక్కుంటే, ఇచ్చిన మాటలే గుర్తొచ్చాయి. అవీ తిరిగి తీసుకునేటట్టు లేవు.

ఆ వారం డుంబ్రిగుడ సంతకి వెళ్లాను. కింద శృంగవరపుకోట వైపు నుంచి వచ్చిన బేరగాడు గోనెపట్టా మీద మామిడిపళ్లు పోసుకుని కూర్చున్నాడు. కింద వాళ్లకి ఈ కొత్తలూ గిత్తలూ లేవు, పండితే తింటారు. నాలుగైదు పళ్లు వాసన చూసి ఒకటి తీసుకుని సంచి అడుగున పెట్టాను. పైన ఉల్లిపాయలు, దాని పైన ఎండుచేపలు. మా ఊరి ఆడవాళ్లతో కలిసి జీపులో రావాలి మరి. చేపల వాసనకి పక్కావిడ ముక్కు మూసుకుని నన్ను తిట్టుకుంటూ కూర్చుంది. దేవతకంటే ముందు నేను ఆమెకే భయపడ్డాను.

ఇంటికొచ్చేసరికి బావ కొండమీద ఉన్నాడు. భాను బట్టలు ఉతకడానికి గెడ్డకి వెళ్లింది. పంచలో అక్క ఒక్కతే. కత్తి, పళ్లెం తెచ్చి మంచం పక్కన నేలమీద కూర్చుని పండు కోశాను. ఒక ముక్క ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని వాసన చూసింది. ముఖం ఎంత వెలిగిందో నేను చెప్పలేను. అంతలోనే ఆగిపోయింది.

"కొత్త అయిపోనాదేటి? డప్పులు ఇనపళ్లేదు."

"అవ్వలేదు."

"మరి?"

"ఏటీ కాదులే అక్కా. తప్పుంటే నా నెత్తిన పడనీ. తిను."

అక్క తినలేదు. ముక్కని పట్టుకుని నన్ను చూసింది. తరవాత మామూలు గొంతుతో, ఏదో పాత సంగతి చెబుతున్నట్టు అంది.

"అత్త పోయిన యేడు నువ్వు పురిటికి పుట్టింట్లో ఉన్నావు. అప్పుడూ ఇలాగే, కొత్త అవ్వలేదు. అత్త మంచమ్మీద ఒకటే కలవరింత, మామిడిపండు మామిడిపండు అని. దిసరిని అడిగితే సెప్పినాడు, పండగ దాకా ఉండని మనిసికి ముందే పెట్టీయొచ్చు, దేవతకి కోపం రాదు అని. నానే ముక్కలు కోసి పెట్టినాను. ఇదిగో, ఇలాగే నేలమీద కూసుని."

కత్తి నా చేతిలో అలాగే ఉండిపోయింది. అది నాకు తెలియని సంగతి కాదు. ఎప్పుడో విన్నదే. చావు దగ్గరైన వాళ్లకి తప్ప మా దగ్గర ఎవరూ ముందు పండు పెట్టరు. పాపం ఎవరికి తగులుతుందని ఆలోచించాను గానీ, తినే మనిషికి దాని అర్థం ఏమిటో ఆలోచించలేదు.

అక్క ముక్క నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. పండంతా తింది.

"బాగున్నాది. కొంచెం పులుపు తగుల్తంది" అంది. "టెంక కూడా ఇయ్యి."

టెంక చీకుతూ అడిగింది. "మీ బావకి తెల్సునా?"

తలూపాను. ఇంక దాచి లాభం లేదు.

"పాపం" అంది. తన గురించి కాదు, ఆయన గురించి. "అందుకేనా, నాను సెంబు ఎత్తితే పరుగెట్టుకొచ్చి అందుకుంతన్నాడు. నాను గేసు మాత్రలే అనుకున్నాను." చేతులు కడుక్కుని టెంక నా చేతిలో పెట్టింది. "పొయ్యిలో పడీ. ఎవులూ సూడకూడదు. నాకు తెలిసిందని ఆడికి సెప్పకు నిర్మలా. నాకు తెల్దన్న దైర్యంతోనే ఆడు తిరుగుతన్నాడు."

టెంక పొయ్యిలో వేశాను. పచ్చిటెంక, బేగి కాలలేదు. సాయంత్రం దాకా ఇల్లంతా మామిడి వాసన.

ఆమె ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు లేవలేదు. కూడు ముట్టలేదు. బావ అంబలి గిన్నె పట్టుకుని మంచం చుట్టూ తిరుగుతుంటే నేను గోడకి ఇవతల వింటూ కూర్చున్నాను. "కొంచెం తాగు, గేసు పోద్ది" అంటున్నాడు. దాని అయ్యని బయమే సంపీసింది అన్న మాట నా చెవుల్లో మోగుతోంది. ఆయన చేతులు జోడించి అడిగింది ఒక్కటే. నోరు విప్పకుండానే నేను ఆ మాట ఆమెకి చెప్పేశాను. ఆ పండు ఆమె నోటి చేదు పోవడానికి పెట్టానా, నా మనసులో చేదు పోవడానికి పెట్టానా?

మూడునాలుగు రోజులు అలా గడిచాయి. ఒక పొద్దున తలుపు తీసేసరికి మా గుమ్మంలో నా బిందె నిండుగా నీళ్లతో ఉంది. అక్క కుళాయి గట్టు పట్టుకుని ఆయాసపడుతూ నిలబడి ఉంది. పక్కింటి వాళ్ల బిందె కూడా కుళాయి కింద పెట్టింది.

"ఏటిది? ఎందుకు మోసినావు?" అని పరుగెత్తాను.

"ఊరికే" అంది.

ఆ మాట ఆ తర్వాత చాలాసార్లు విన్నాను. కోళ్ల గూటికీ నా చోళ్లు ఎండే చోటుకీ మధ్య వెదురు దడి కట్టాలని బయల్దేరింది. బావ చేత వెదురు కొట్టించి, తను మంచం మీద కూర్చునే బద్దలు అల్లింది. ఒక బద్ద అల్లి పడుకునేది, లేచి ఇంకోటి అల్లేది. బావ మురిసిపోయాడు. "సూసావా నిర్మలా, అల్లుతున్నాది" అని నాకు చూపించాడు. అక్క ఆయన వైపు తిరిగి "గేసు తగ్గిపోనాదయ్యా" అంది, కళ్లు కూడా ఆర్పకుండా.

దడి నిలబెట్టిన రోజు నుంచి ఒక్క కోడి కూడా నా చోళ్లలోకి రాలేదు. ఇన్నేళ్ల గొడవకి కావలసింది ఆ కాస్త వెదురు. అది నేనైనా కట్టొచ్చు. ఎప్పుడైనా కట్టొచ్చు. కట్టకుండా అరిచాను.

"ఇప్పుడు నీకెందుకు ఇయ్యన్నీ?" అన్నాను ఒకరోజు చింతపండు దగ్గర. "పడుకోవచ్చు కదా."

"పడుకుంతే బయమేత్తంది" అంది. మొదటిసారి ఆమె కళ్లు తడవడం చూశాను. "ఆ నాలుగు రోజులూ కళ్లు మూసుకుంతే సాలు, మా అయ్య కనపడీవాడు. లేసి ఎవులికో ఒకలికి సెంబుడు నీళ్లు పెడతంతే అంత బయం లేదు. అయినా నాకొక్కదానికేటే, అందరం పోయేవాళ్లమే. మిగతావోలికి గుర్తులేదు, నాకు గుర్తొచ్చింది, అంతే." తరవాత ముక్కు చీదుకుని నవ్వింది. "నువ్వు మాత్రం తిట్టడం మానీకు. నువ్వు తిట్టలేదంతే ఊరందరికీ తెలిసిపోద్ది."

"నన్ను తిట్టు అక్కా" అన్నాను. "పండు పెట్టినందుకు తిట్టు."

తిట్టలేదు. దానికి బదులు, తలకి నూనె రాస్తానని భానుని కేకేసింది.

దిసరి ఎట్టకేలకు రోజు చెప్పాడు. అందరి లెక్కలూ తప్పి, అక్క ఆ రోజుకి ఉంది. అందరి లెక్కలూ అంటున్నాను గానీ తప్పింది నా లెక్కే. పండగ చూడదని అనుకున్నది నేనే. డప్పులు మోగాయి. జాకర దేవత దగ్గర కోడిని కోసి, పళ్లు పెట్టి, ప్రసాదం ఇంటింటికీ తెచ్చారు. పంచలో గోడకి ఆనించి కూర్చోబెట్టిన అక్క నోట్లో బావ తన చేత్తో ముక్క పెట్టాడు.

"తిను. కొత్త తింతన్నావు సూడు" అన్నాడు. "కొత్త సూసావు."

ఆమె ఆ యేటి మొదటి మామిడిపండు తింటున్నట్టే తింది. "ఎన్నాళ్లయిందో దీని రుసి సూసి" అంది. ఆయన భుజం మీదుగా నన్ను చూసి కన్ను గీటింది. నేను నవ్వలేకపోయాను. నేనా పండు తేకుండా ఆగి ఉంటే ఈ రోజు ఈ ముక్క ఆమెకి నిజంగానే మొదటిది అయ్యేది. ఈ కొన్ని వారాలూ చావు సంగతి తెలియకుండా, కోళ్లని కేకలేసుకుంటూ బతికేది. అవి ఆమె రోజులు. నా మనసు తేలిక చేసుకోవడానికి నేను వాటిని తీసేసుకున్నాను.

సాయంత్రం ఆ మాట ఆమెతో అనేశాను.

"అవును, తెలియకపోతే ఇంకా హాయిగుండును" అంది. అబద్ధం ఆడలేదు. "తెలిసింది గనక దడి కట్టినాను. రెండూ నిజమే. ఇంక ఊరుకో."

తొలకరి పడ్డ వారంలో అక్క పోయింది. వానలు చూసింది. హుకుంపేటలో కాపురం చేస్తున్న ఆమె కూతురు బేబి వచ్చి చివరి రోజుల్లో పక్కనే ఉంది. మధ్యాహ్నం పూట పోయింది, రేకుల మీద వాన చప్పుడులో. పెద్దగా బాధపడలేదని బేబి చెప్పింది. నేను ఆ సమయానికి కుళాయి దగ్గర ఉన్నాను, ఆమె బిందె నింపుతూ.

దినాలు అయ్యాక ఒకరోజు బావ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో అక్క పెట్ట ఉంది. దాన్ని మా వాకిట్లో వదిలాడు.

"నీకే ఇమ్మన్నాది" అన్నాడు. పోబోయి ఆగాడు. "నిర్మలా, ఆకరి దాకా దానికి తెల్దమ్మా. గేసే అనుకుంది. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. ఆ మేలు మరిసిపోను."

నోరు తెరిచాను. ఆమె మాట గుర్తొచ్చింది. మూసుకున్నాను. ఆయన కళ్లల్లో అంత నమ్మకం చూస్తూ తలూపడం కంటే, ఆయన చేత రెండు దెబ్బలు తినడం నయం. తలూపాను. ఆయన వెళ్లిపోయాడు. పెట్ట నా కాళ్ల దగ్గర గింజల కోసం వెతుకుతోంది. గుప్పెడు చోళ్లు తెచ్చి చల్లాను.

ఆ వారమే భాను హాస్టలుకి వెళ్లాలి. నాకు కూతురంటే ప్రాణమే, కానీ నా ప్రేమంతా కేకల్లోనే ఉంటుంది. లే, చదువు, తిను, ఫోను పక్కన పెట్టు. అది పుట్టిన దగ్గర్నుంచి నా గొంతు అంతే విన్నది. వెళ్లే రోజు పొద్దున కేకెయ్యకుండా లేచాను. వేన్నీళ్లు కాచి తడిక దగ్గర పెట్టాను. దానికిష్టమని కోడిగుడ్డు అట్టు వేశాను. తల మీద చెయ్యి వేసి మెల్లగా లేపాను.

"లే అమ్మా. నీళ్లు కాగినాయి."

భాను కళ్లు తెరిచింది. నన్ను చూసింది. లేచి వెళ్లి తడిక దగ్గర పొగలు కక్కుతున్న బిందె చూసింది. అక్కడే నిలబడిపోయింది. వెనక్కి తిరిగేసరికి దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, నాకేటైంది?"

"నీకేటవుద్ది?"

"మొన్న జరమొస్తే నాన్న అరకు తీసుకెల్లి రక్తం తీయించాడు కదా. ఏటొచ్చిందో నాకు సెప్పలేదు. సెప్పమ్మా. దాచకు."

"ఒట్టు జరమేనే. ఏటీ లేదు."

"మరి వేన్నీళ్లెందుకు పెట్టావు? పెద్దమ్మకి కూడా ఇలాగే పెట్టావు."

పెద్దయ్యాక అది నన్ను చాలా మాటలు అని ఉంది. ఏదీ ఇంత లోపలికి దిగలేదు. నా కూతురికి తెలిసిన లెక్క అది. అమ్మ మంచిగా ఉందంటే ఎవరో చనిపోతున్నారు.

దగ్గరికి తీసుకోబోయాను. అది ఇంకా భయపడి వెనక్కి జరిగింది.

"ఊరికే పెట్టాను" అన్నాను.

"ఊరికే ఎందుకు పెడతావు?"

"ఊరికేనే గుంటా. ఎల్లు, బేగి పోసుకో. సల్లారిపోతాయి."

నమ్మలేదు. నా ముఖమే చూస్తూ తడిక వెనక్కి వెళ్లింది. నేను పొయ్యి దగ్గరికొచ్చి నిలబడి విన్నాను. చాలాసేపు నీళ్ల చప్పుడు రాలేదు. చల్లారితే మళ్లీ పోద్దామని ఇంకో గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టాను.